గార్డెన్ పైపు బండి ఫ్రేముకి మూల కనెక్టర్: సాకెట్ పగులుతోంది, వేరే దారి ఉందా?

మిద్దెతోట_తిరువాన్మియూర్
30 మీటర్ల అరంగుళం గార్డెన్ పైపు చుట్టిపెట్టే చక్రాల బండి. ఫ్రేముకి 25 మి.మీ. గుండ్రటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) పైపు, 16 గేజీ, అంటే గోడ 1.6 మి.మీ. పెట్టె ఆకారం, ఎనిమిది మూలలు, ప్రతి మూలకీ మూడు వైపుల నుంచి పైపు దూరే సాకెట్. సాకెట్ గోడ మందం 4 మి.మీ., పైపు లోపలికి వెళ్ళేది 30 మి.మీ. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌లో రెండు త్రీడీ ప్రింట్ చేయిస్తే ఒకటి పైపు దూరుస్తుండగానే నిట్టనిలువునా చీలింది, రెండోది మిద్దె మీద ఎండకి సాగి పైపు వదులైపోయింది. అద్దె ఇల్లు. మారేటప్పుడు విప్పి కారు డిక్కీలో పెట్టుకోవాలి, కాబట్టి వెల్డింగు వద్దు. డిజైన్‌లో ఏది మార్చాలి?

త్రీడీ_తిక్కశంకరయ్య
పీఎల్ఏ 55-60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. చెన్నై కత్తిరి (నడివేసవి) ఎండలో మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ఆ వేడిని సునాయాసంగా దాటుతుంది. పీఈటీజీ ప్లాస్టిక్ అయితే 80 వరకూ ఆగుతుంది, ఏఎస్ఏ ప్లాస్టిక్ 100 దాకా. ఎండకి పెళుసెక్కకుండా ఉండేది ఏఎస్ఏనే. ముందు మెటీరియల్ మార్చండి.

వెర్నియర్_బాబాయ్
మెటీరియల్ సంగతి తర్వాత. పైపు బయటి కొలత నిజంగా 25 ఉందా? వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూశారా, షాపువాడు చెప్పింది రాశారా?
ఫర్నిచర్ పైపుని అంగుళం అని అమ్మితే 25.4. ప్లంబింగ్ జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు లెక్క పూర్తిగా వేరు. ముప్పావు పైపు బయటి కొలత 26.9, అరంగుళం పైపుది 21.3, అంగుళం పైపుది 33.7. ఆ పేర్లకీ బయటి కొలతకీ సంబంధమే లేదు. పైగా పౌడర్ కోటింగ్ ఒక్కో వైపు 60-80 మైక్రాన్లు ఉంటుంది, అంటే మొత్తం కొలతకి దాదాపు 0.15 కలుస్తుంది. ప్రింట్ చేసిన బెజ్జం ఎప్పుడూ గీసినదానికన్నా చిన్నగానే వస్తుంది. ఇవన్నీ కలిపితే దూరుస్తుంటే చీలడంలో వింతేముంది?

మిద్దెతోట_తిరువాన్మియూర్
ఇప్పుడే కొలిచా. ఉత్త పైపు 25.1, కోటింగ్ వేసిన ముక్క 25.3. సాకెట్ బెజ్జం 25.2 గీశాను.

వెర్నియర్_బాబాయ్
అదిగో. కోటింగ్ అయ్యాక ఉండే కొలత మీద 0.3 నుంచి 0.4 వదలాలి. 25.7 గీసుకోండి.

పైపుల_పాపారావు
ఇంత హడావుడి ఎందుకు? ప్లంబింగ్ షాపులో పీవీసీ పైపు, టీలు, ఎల్బోలు దొరుకుతాయి. కోసి సొల్యూషన్ పూస్తే అయిపోయె.

మిద్దెతోట_తిరువాన్మియూర్
@పైపుల_పాపారావు మూడు దారుల మూల ఫిట్టింగు మా దగ్గర ఏ షాపులోనూ లేదండీ. టీకి ఎల్బో కలిపితే ఒక పైపు మిగతా రెండింటికన్నా పక్కకి జరిగిపోతోంది. సొల్యూషన్ పూశాక విప్పడం ఎలా?

తుప్పుకి_శత్రువు
పీవీసీకి తుప్పు పట్టదు గానీ ఎండకి పెళుసెక్కుతుంది, ఎప్పుడూ బరువు మోస్తుంటే మెల్లగా వంగి అలాగే ఉండిపోతుంది. బరువు లెక్క వేసుకోండి. అరంగుళం గార్డెన్ పైపు లోపల మీటరుకి 120 మి.లీ. పైచిలుకు నీళ్ళు పడతాయి. 30 మీటర్లంటే 3.7 లీటర్లు, అంటే 3.7 కిలోలు. అల్లిక పైపు బరువు ఇంకో 5-6 కిలోలు. ఫ్రేము, డ్రమ్ము, చక్రాలు కలిపితే బండి 14 కిలోలకి తగ్గదు.

అంబత్తూరు_ఫిట్టర్
కొలత సరిచేసినా, ఏఎస్ఏ వాడినా ఈ సాకెట్ నిలవదు మేడమ్. తప్పు ప్లాస్టిక్‌ది కాదు, డిజైన్‌ది. లెక్క చూడండి.

పిడి దగ్గర 10 కిలోల (దాదాపు 100 న్యూటన్ల) బలంతో లాగారనుకోండి. పిడి నుంచి మూల దాకా 600 మి.మీ. అంటే 60 న్యూటన్ మీటర్లు, రెండు పక్కలకీ పంచితే ఒక్కో సాకెట్‌కి 30. పైపు సాకెట్‌లో 40 దూరిందనుకుంటే (మీది 30 మాత్రమే) లోపలి అంచుకీ బయటి అంచుకీ మధ్య పనికొచ్చే దూరం 27. 30ని 0.027తో భాగించండి. 1,100 న్యూటన్లు. సాకెట్ మూతి దగ్గర 110 కిలోలు ఒక పక్కకి నెడుతున్నట్టు. ఇది నున్నటి నేల మీద. చక్రం మెట్టుకి తగిలినప్పుడు ఎవరైనా 40 కిలోల బలంతో గుంజుతారు, అప్పుడు దానికి నాలుగింతలు.

ప్రింటు పొరలు పొరలుగా ఉంటుంది. పొరని అడ్డంగా విడదీసే బలం పడితే ఊడుతుంది. రెండు దారుల ఎల్బో అయితే బల్ల మీద పరిచి ప్రింట్ చేసి తప్పించుకోవచ్చు. మూడు దారుల మూలని ఎలా తిప్పినా ఒక చెయ్యి నిలువుగా లేస్తుంది, అది విరుగుతుంది.

నేను చెప్పేది ఒకటే: పైపుని మూల దగ్గర తెంపొద్దు. బరువు పైపు మొయ్యాలి, కనెక్టర్ పని రెండు పైపుల్ని కదలకుండా పట్టుకోవడం వరకే.

చిటికెన_వేలు
ఫిట్టర్ గారు సాకెట్‌కి తద్దినం పెట్టేశారు.

అంబత్తూరు_ఫిట్టర్
తద్దినమైతే మంత్రం కూడా పూర్తిచేస్తా. పెట్టె ఆకారం మానెయ్యండి. పక్కకి ఒకటి చొప్పున రెండే రెండు పైపులు, ఒక్కోటి ఎల్ ఆకారంలో వంచినవి. కొలతలన్నీ మి.మీ.లో: నిలువు 900, పాదం ముందుకి 350, వంపు రేడియస్ 75కి తగ్గకూడదు. అంతకన్నా బిగుతుగా వంచితే 1.6 గోడ లోపలి పక్క ముడత పడుతుంది. అంబత్తూరు, గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో పైపు వంచే షాపులు కావలసినన్ని. ఈ రెండు ఎల్‌లని కలుపుతూ మూడు అడ్డ పైపులు: పైన పిడి, మధ్యలో డ్రమ్ము కింద ఒకటి, అడుగున ఇరుసు. మొత్తం కీళ్ళు ఆరు, ఆరూ ఒకటే రకం.

కీలు ఎలాగంటే, అడ్డ పైపు నిలువు పైపుకి చివర తగలదు, దాని ముఖం మీదుగా దాటుతుంది. రెంటి మధ్య ఒక దిమ్మ. దిమ్మకి ఒక పక్క నిలువు గాడి, రెండో పక్క అడ్డ గాడి. మధ్యలోంచి ఒక ఎం6 (6 మి.మీ.) బోల్టు. దీన్ని సాడిల్ అంటారు, గుర్రం జీనులాంటిదే.

నట్టు_లూజు
అన్నా, ఒక్క బోల్టైతే కత్తెరలా తిరుగుతుంది కదా. బండి లాగితే దీర్ఘచతురస్రం కాస్తా పక్కకి వాలిపోతుంది. ఆరు కీళ్ళూ కలిసి వాలతాయి.

వెర్నియర్_బాబాయ్
నట్టు_లూజు చెప్పింది కరెక్టు. ఇంకో లోపం కూడా ఉంది. ఆ బోల్టు నిలువు పైపుకి ముందు నుంచి వెనక్కి వెళ్తోంది. పిడి లాగినప్పుడు పైపు వంగేదీ అటే. అంటే లాగుడు, నొక్కుడు ఎక్కువగా ఉండే రెండు ముఖాల మీదే బెజ్జాలు పడుతున్నాయి. 25 మి.మీ., 1.6 గోడ పైపుకి అక్కడ 6.5 బెజ్జం వేస్తే వంపుని తట్టుకునే శక్తి మూడో వంతు పైగా పోతుంది. మామూలుగా లాగితే ఏమీ కాదు. మెట్టు మీద 40 కిలోల బలంతో గుంజితే మాత్రం పైపు ఆ బెజ్జం దగ్గర మడత పడుతుంది.

అంబత్తూరు_ఫిట్టర్
ఒప్పుకున్నా. బోల్టు తీసేసి యూ-బోల్టు పెడదాం. యూ నిలువు పైపుని చుట్టి పట్టుకుంటుంది, దానికి బెజ్జమే వద్దు. రెండు కాళ్ళూ దిమ్మలోంచి, అడ్డ పైపులోంచి దూరి అవతల నట్టు పడుతుంది. అడ్డ పైపులో రెండు బెజ్జాలు ఉంటాయి కాబట్టి అది తిరగదు, కత్తెర సమస్య కూడా పోయింది. అడ్డ పైపు మీద వంపు తక్కువ, బెజ్జాలు పడ్డా ఇబ్బంది లేదు.

మిద్దెతోట_తిరువాన్మియూర్
యూ-బోల్టు షాపులో దొరికేదే వాడొచ్చా? కొలతలు కాస్త వివరంగా చెప్పరూ.

అంబత్తూరు_ఫిట్టర్
షాపులో 25 పైపుకి దొరికే యూ-బోల్టు ఒక పైపుని పలకకి బిగించడానికి చేసింది, కాళ్ళు పొట్టి. మనకి రెండు పైపులు దాటాలి. రబ్బరు 1, పైపు 25, దిమ్మ నడుము (రెండు గాడుల మధ్య మిగిలే మందం) 6, అడ్డ పైపు 25, వాషరు 1.6, నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) 6. కూడితే 64.6. నట్టు దాటి రెండు మూడు మరలు కనబడాలి, కాబట్టి లోపలి ఎత్తు 70 పెట్టుకోండి.

లోపలి వెడల్పు 27. పైపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి, రెండు పక్కలా 1 చొప్పున. కాళ్ళ మధ్య దూరం సెంటర్ నుంచి సెంటర్‌కి 33. 6 మి.మీ. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) రాడ్డు ఒక్కోటి 165 పొడవు కోసి, నడిమి 52 భాగాన్ని అరచుట్టుగా వంచండి. వంచకముందే రెండు చివర్లా ఎం6 డైతో (మర కోసే పనిముట్టు) 25 పొడవు మర వేసుకోండి, వంచాక డై పట్టుకోవడం కష్టం.

మర ఉన్న రాడ్డుని మాత్రం వంచొద్దు. షాపులో మీటరు లెక్కన అమ్మే థ్రెడెడ్ రాడ్డు వంచితే మర లోతు దగ్గర పగులు మొదలవుతుంది. ఆ రోజు కనబడదు, నెల తర్వాత టప్ మంటుంది.

త్రీడీ_తిక్కశంకరయ్య
దిమ్మ ప్రింట్ చేయొచ్చుగా? ఇప్పుడు ప్లాస్టిక్ మీద నొక్కుడు తప్ప లాగుడు లేదు. 50 × 40 × 22. రెండు వైపులా గాడి లోతు 8, నడుము 6. ఆ 50 వైపు అడ్డ పైపు పొడవున. అందులో 33 దూరంలో 6.5 బెజ్జాలు రెండు. బల్ల మీద పడుకోబెట్టి, అంటే బెజ్జాలు నిలువుగా ఉండేలా ప్రింట్ చేస్తే బోల్టు బిగింపు పొరల్ని దగ్గరికే నొక్కుతుంది. బయటి గోడలు ఐదారు వరసలు పెట్టండి, లోపలి నింపుడు 40 శాతం చాలు. చాలామంది నింపుడు 100 పెట్టి గోడలు రెండే ఉంచుతారు. అది తలకిందుల లెక్క.

తుప్పుకి_శత్రువు
గాడి 12 లోతు కాకుండా 8 ఎందుకు? పైపు సగం కూర్చుంటే ఇంకా బిగువు కదా.

త్రీడీ_తిక్కశంకరయ్య
బెజ్జం మధ్య నుంచి పైపు మధ్యకి 16.5. బెజ్జం సగం 3.25 తీసేస్తే 13.25. గాడి సగం లోతుకి దిగితే గాడి అంచు 12.5 దగ్గరికొస్తుంది, మధ్యలో మిగిలే గోడ 0.75. చిట్లుతుంది. 8 లోతైతే గోడ 1.6 మిగులుతుంది.

కలప_కబుర్లు
ప్రింటర్ లేనివాళ్ళకి: టేకు ముక్క చాలు, తలుపులు చేసే చోట తునకలు దొరుకుతాయి. రెండు దిమ్మల మధ్య 9 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టి మూడింటినీ కలిపి వైస్‌లో బిగించండి. ప్లైవుడ్ మందం సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి 25 బిట్టుతో ఈ చివర నుంచి ఆ చివరికి డ్రిల్ చెయ్యండి. ప్లైవుడ్ తీసేస్తే రెండు దిమ్మలకీ 8 లోతు గాడి ఒకేసారి వచ్చేస్తుంది. తర్వాత రెండో ముఖానికి దిమ్మని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ అదే పని. ఆరు దిమ్మలంటే ఆరే డ్రిల్లింగులు. చివరికి బిట్టు అవతలికి పొడుచుకొచ్చే చోట వెనక ఒక చెత్త ముక్క ఆనించండి, లేకపోతే టేకు అంచు పెచ్చులూడుతుంది.

చిటికెన_వేలు
9 ప్లైవుడ్ కిటుకు బ్రహ్మాండం. దాచుకున్నా.

వెల్డింగ్_వీరాస్వామి
ఇంత పురాణం ఎందుకయ్యా! ఆరు కీళ్ళు, 16 గేజీ, 2.5 వెల్డింగు రాడ్డు. అరగంటలో అయిపోయే పని. డిక్కీలో పట్టకపోతే ట్రక్కులో వేసుకోండి.

నట్టు_లూజు
ఆవిడ మొదటి పోస్టులోనే వెల్డింగు వద్దన్నారు బాబాయ్, కళ్ళజోడు పెట్టుకో.

వెల్డింగ్_వీరాస్వామి
కళ్ళజోడు కాదు, నల్లద్దం. సరే, ఒక మాట మాత్రం వినండి. బోల్టు కీలు ఎప్పటికైనా వదులవుతుంది. దిమ్మ ప్లాస్టిక్‌దైతే బిగువుకి మెల్లగా నలుగుతుంది. వారానికోసారి స్పానర్ పట్టుకోవాలి.

త్రీడీ_తిక్కశంకరయ్య
వారానికోసారి అక్కర్లేదు. బిగించిన వారానికి ఒకసారి, నెలకి ఒకసారి. ఆ తర్వాత ఏడాదికోసారి చూసుకుంటే చాలు. నలిగేదంతా మొదట్లోనే నలుగుతుంది. నట్టుకి 4 న్యూటన్ మీటర్లు దాటించొద్దు. టార్క్ రెంచ్ లేకపోతే పొట్టి స్పానర్‌ని రెండు వేళ్ళతో బిగించండి.

తుప్పుకి_శత్రువు
తిరువాన్మియూర్ అన్నారు, సముద్రం పక్కనే కాబట్టి ఉప్పుగాలి మాట. ఎస్ఎస్ యూ-బోల్టు, ఎంఎస్ పైపు కలిస్తే ప్రమాదం అంటారు గానీ ఇక్కడ ఎస్ఎస్ చిన్నది, ఎంఎస్ పెద్దది, పర్వాలేదు. దీనికి ఉల్టా అయితేనే కొంప మునిగేది: పెద్ద ఎస్ఎస్ పైపుకి చిన్న ఎంఎస్ బోల్టు పెడితే బోల్టుని తినేస్తుంది. ఆ సైకిల్ ట్యూబు ముక్క ఎలాగూ రెంటినీ విడదీస్తోంది.

అసలు తుప్పు బెజ్జాల దగ్గర మొదలవుతుంది. అందుకే అన్ని బెజ్జాలూ వేశాకే పౌడర్ కోటింగ్‌కి ఇవ్వాలి. కోటింగ్ అయ్యాక డ్రిల్ చేస్తే ఆ అంచు ఉత్త ఇనుమే.

ఎస్ఎస్ మర మీద ఎస్ఎస్ నట్టుని డ్రిల్లు మెషిన్‌తో గిర్రున తిప్పొద్దు. వేడెక్కి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. తర్వాత అటూ రాదు, ఇటూ రాదు, రంపమే గతి. మరకి కాస్త గ్రీజు రాసి చేత్తో బిగించండి.

వెర్నియర్_బాబాయ్
నట్టు వైపు అడ్డ పైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. లోపల డొల్ల. బిగిస్తుంటే పైపు చప్పిడి ముక్కులా నొక్కుకుపోతుంది. లోపలి కొలత 21.8, అందులో పట్టే కర్ర కడ్డీ గానీ నైలాన్ రాడ్డు గానీ 60 పొడవు ముక్క దూర్చి, పైపుతో కలిపి బెజ్జం వెయ్యండి. కర్ర అయితే ముందు వార్నిష్‌లో ముంచి ఆరబెట్టండి, లేకపోతే నవంబరు వానలకి ఉబ్బి కూర్చుంటుంది.

అంబత్తూరు_ఫిట్టర్
బాబాయ్, ఆ కడ్డీని కోటింగ్ అయ్యాక దూర్చాలి. పౌడర్ కోటింగ్ ఓవెన్ 180-200 డిగ్రీల దాకా వెళ్తుంది, నైలాన్ గానీ కర్ర గానీ లోపలుంటే పాడవుతుంది. ముందు పైపుకి బెజ్జాలు, కోటింగ్, తర్వాత కడ్డీ దూర్చి పైపు బెజ్జంలోంచే కడ్డీకి డ్రిల్ పెట్టడం. పైపు బెజ్జం 7 వేస్తే కోటింగ్ అయ్యాక 6.5 బిట్టు ఒరుసుకోకుండా దిగుతుంది.

వెర్నియర్_బాబాయ్
సవరణ స్వీకరించడమైనది.

మిద్దెతోట_తిరువాన్మియూర్
ఒక చిక్కొచ్చింది. అడుగు పైపులోంచే 12 మి.మీ. ఇరుసు రాడ్డు వెళ్ళాలి, రెండు చివర్లా నైలాన్ బుష్‌లు. యూ-బోల్టు కాళ్ళు అడ్డ పైపు నడిబొడ్డులోంచి దూరితే ఇరుసుకి అడ్డం కదా?

అంబత్తూరు_ఫిట్టర్
శభాష్! నేనే చూసుకోలేదు. అడుగున ఉన్న రెండు కీళ్ళకి కనెక్టర్‌ని తిప్పేయండి. యూ ఇరుసు పైపుని చుడుతుంది, కాళ్ళు నిలువు పైపులోంచి దూరతాయి. దిమ్మ అదే, దాన్నీ 90 తిప్పాలి.

నట్టు_లూజు
ఇప్పుడు నిలువు పైపుకి బెజ్జాలు పడ్డాయి. బాబాయ్ ఒప్పుకుంటాడా?

వెర్నియర్_బాబాయ్
ఒప్పుకుంటా. బండి వాల్చి లాగేటప్పుడు ఒక చివర చెయ్యి, ఇంకో చివర ఇరుసు మోస్తాయి. వంపు ఎక్కువ ఉండేది మధ్యలో, డ్రమ్ము దగ్గర. ఇరుసు చివర దాదాపు సున్నా. అక్కడ బెజ్జం ఉన్నా నష్టం లేదు. ఎల్ వంపు మొదలయ్యే చోటు నుంచి 50 పైకి ఉండాలి, అంతే. వంచిన చోట బెజ్జం వేస్తే మాత్రం ఒప్పుకోను. దిగువ కడ్డీ ముక్కలు ఇప్పుడు నిలువు పైపుల్లోకి వెళ్తాయి. కింద చివర నుంచి వంపు దాటవు కాబట్టి పై నుంచి దింపాలి, కడ్డీని 21.5కి అరగదీసుకోండి.

కలప_కబుర్లు
పై నుంచి అరమీటరు పైగా లోపలికి తొయ్యాలి. కడ్డీ తలకి ఒక స్క్రూ సగం దింపి, దానికి గట్టి తీగ కట్టి దింపండి. బెజ్జం దగ్గరికి వచ్చిందో లేదో తీగ మీద గుర్తు చెబుతుంది. పక్కకి పోతే పైకి లాగొచ్చు. తీగ లేకుండా దింపితే ఆ కడ్డీ మీకు మళ్ళీ కనబడదు.

పైపుల_పాపారావు
నా పీవీసీ బండికి ఇన్ని బాధలు లేవు.

తుప్పుకి_శత్రువు
రెండు వేసవులు ఆగి చెప్పండి పాపారావు గారూ.

చిటికెన_వేలు
ఫ్రేము సరే, బండి బోర్లా పడదా? గార్డెన్ పైపు చివర పట్టుకుని లాగితే డ్రమ్ముతో సహా ముందుకి వస్తుంది చాలా బళ్ళు.

అంబత్తూరు_ఫిట్టర్
పడుతుంది. డ్రమ్ము ఎత్తు 350, బరువు కేంద్రం నుంచి పాదం చివరికి 200 అనుకుంటే 14 కిలోల బండి 8 కిలోల లాగుడు దాకా ఆగుతుంది. చిక్కు ఎక్కడంటే, గార్డెన్ పైపంతా బయటికి వచ్చేసరికి బండి మీద మిగిలేది 5 కిలోలే. అప్పుడు 3 కిలోల లాగుడుకే పల్టీ. పాదాన్ని 350 బదులు 450 చెయ్యండి, డ్రమ్ముని వీలైనంత కిందికి దింపండి. పాదాల మీద కాలు పెట్టి తొక్కుకోవడానికి ఒక చెక్క వేసినా మంచిదే.

మిద్దెతోట_తిరువాన్మియూర్
అయితే పట్టీ ఇది, తప్పులుంటే పట్టుకోండి. ఎల్ పైపులు 2 (900 + 450), అడ్డ పైపులు 3, ఒక్కోటి 480. టేకు దిమ్మలు 6. ఎస్ఎస్ యూ-బోల్టులు 6, అంటే 165 చొప్పున దాదాపు మీటరు రాడ్డు. నైలాక్ నట్లు 12, వాషర్లు 12. కడ్డీ ముక్కలు 6. 12 ఇరుసు రాడ్డు, 8 అంగుళాల చక్రాలు 2, స్ప్లిట్ పిన్నులు 2. సైకిల్ ట్యూబు ఒకటి. విప్పితే అన్నిటికన్నా పొడుగ్గా ఉండేది ఆ ఎల్ పైపే, వెనక సీటు మడిస్తే డిక్కీలోకి వెళ్తుంది.

వెర్నియర్_బాబాయ్
ఆరు యూ-బోల్టులకి 990. మీటరు రాడ్డులో 10 మిగులుతుంది, రంపం ఐదు కోతలకే 5 పైగా తింటుంది. ఒక్కటి వంపు తేడా వచ్చినా మళ్ళీ షాపుకి పరుగు. మీటరున్నర తీసుకోండి.

తుప్పుకి_శత్రువు
ఎల్ పైపు పాదం కొసకి ప్లాస్టిక్ మూత కొట్టేముందు అడుగు ముఖం మీద 5 మి.మీ. బెజ్జం ఒకటి వెయ్యండి, కోటింగ్‌కి ముందే. పై మూతలోంచీ బోల్టు బెజ్జాల్లోంచీ నీళ్ళు ఎలాగూ దిగుతాయి, పోవడానికి దారి లేకపోతే పాదం లోపలి నుంచి తుప్పు పట్టి ఒక రోజు చేతికొస్తుంది.

వెల్డింగ్_వీరాస్వామి
ఆ బెజ్జం మాట మాత్రం నిజం. వెల్డింగు చేసినా వెయ్యాల్సిందే.